పొడుగు చేతుల అంగీ

దేవుడు దర్జీకి అన్యాయం చేశాడు. ఇందులో వాదించడానికేమీ లేదు. ఊళ్ళో అంతమంది ఉండగా ఆయనకి ఆ టీచరమ్మే కావలసి వచ్చింది.

ఆమె కొట్లోకి అడుగుపెట్టిందే పోట్లాటకి. కొత్త జాకెట్టు బల్ల మీద పడేసింది.

"ఈ చేతులెవరివండీ? నావా, మా హెడ్మాస్టరువా?"

"కూర్చోండి టీచరమ్మగారూ. పది నిమిషాల్లో సరిచేస్తాను."

"నిలబడతాను. కూర్చుంటే గంట చేస్తారు."

కూర్చుంది. గంట పట్టింది.

కొలత నిజంగా తప్పింది ఆ ఒక్కసారే. తర్వాత ప్రతిసారీ అతను కావాలనే చేతులు అంగుళం పొడుగు పెట్టాడు. ఆమె రావాలి, తిట్టాలి, అతను కుట్టు విప్పుతున్నంతసేపూ బడిపిల్లల కబుర్లు చెప్పాలి. వాన పడితే ఇంకా మంచిది. "గొడుగు మర్చిపోయాను" అనేది. గొడుగు పిడి సంచిలోంచి తొంగి చూస్తూనే ఉండేది.

పక్క కొట్లో ఇస్త్రీ చేసే మేనమామకి చిరాకెత్తిపోయేది.

"ఒరేయ్, కత్తెర ఆడినట్టు నోరాడదేంరా నీకు? ఆ పిల్లకి ఒక్క మాట చెప్పి చావరాదూ."

"చెబుతాలే మామయ్యా. తొందరేముంది."

ఒక ముసురు సాయంత్రం ఆమె తెల్లగుడ్డ తెచ్చింది.

"నిలువుటంగీ కుట్టాలి. కన్యాస్త్రీల మఠంలో చేరుతున్నాను."

అతను మెడలో టేపు తీశాడు. మళ్ళీ వేసుకున్నాడు.

"ఇంట్లో ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"లేదు. అమ్మ ఏడుస్తోంది. నా క్లాసు పిల్లలు ఏడుస్తున్నారు. నాకు మాత్రం ఇవన్నీ వదిలి వెళ్ళాలని ఉందా? దేవుడు పిలుస్తున్నాడు. ఇన్నాళ్ళూ వినబడనట్టు నటించాను. ఇక నావల్ల కాదు."

"పిలిస్తే వెళ్ళిపోవడమేనా? నేనూ పిలిచాను."

"మీరెప్పుడు పిలిచారు? చేతులు పొడుగు కుట్టారు, అంతే."

"తెలుసా?"

"తెలియకే గొడుగు దాచానా?"

చూరు నీళ్ళు గుమ్మంలో పడుతున్నాయి. అతను గుడ్డ అంచు వేళ్ళతో నలిపాడు.

"ఇప్పుడు పిలిస్తే?"

ఆమె సంచిలోంచి గొడుగు పైకి తీసింది.

"వినబడుతుంది. బాధగా ఉంటుంది. అయినా వెళ్తాను."

అంగీ చేతులు ఈసారి రెండంగుళాలు పొడుగు పెట్టాడు. సరిచేయించుకోవడానికైనా రావాలి కదా.

రాలేదు. చేతులు రెండు మడతలు పెట్టుకుని బస్సెక్కిందని మామయ్య చెప్పాడు. కొట్టు దాటేవరకూ కిటికీలోంచి ఇటే చూసిందట.

తర్వాత అతనికి పెళ్ళయింది. భార్య మంచి మనిషి. ఆమే ముందు పోయింది. దేవుడితో ఆ తగువు వేరే.

అతని తల నెరిశాక, ఒక పడుచు కన్యాస్త్రీ తెల్లగుడ్డతో కొట్లోకి వచ్చింది.

"ఈ ఊరి బడికి వేశారు తాతగారూ. మా మదర్ మీ దగ్గరే కుట్టించుకోమన్నారు."

"ఊఁ. చెయ్యి చాపు."

"ఆవిడకి ఒక పాత అంగీ ఉంది. ఎవడు కుట్టాడో, చేతులు ఇంతింత పొడుగు. కత్తిరిస్తామంటే ఒప్పుకోరు. ఆదివారం ఆదివారం మడతపెట్టి అదే తొడుక్కుంటారు. ఆవిడ మీకు తెలుసా?"

దర్జీ టేపు కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. ఆ పిల్ల చెయ్యి ఒకసారి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు.

"నీది సరిగ్గా కుడతాను. రెండోసారి రానక్కర్లేదు," అన్నాడు. "ఆవిడ మాట మాత్రం నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు."