కొత్త బోర్డు అడగని ప్రశ్న

"చొక్కా మీద మరక పోతుందా?" అని అడిగాడు మీటర్ రీడర్.

"మరక పోతుంది. గుడ్డ మిగలదు," అన్నాడు బొగ్గుల ఇస్త్రీపెట్టె తోస్తున్న ముసలాయన, తలెత్తకుండానే.

కోడ్ సరిపోయింది. మీటర్ రీడర్ లాండ్రీ షాపు వెనక గదిలోకి నడిచి, అతికించుకున్న మీసం పీకి జేబులో పెట్టుకున్నాడు. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని సూది అంటారు. సన్నగా ఉంటాడు, ఎక్కడైనా దూరతాడు, కన్నతల్లి కాఫీ ఇచ్చినా వాసన చూసి తాగుతాడు. ముసలాయన చీఫ్. ఆయన్ని అందరూ పెద్దాయన అనే అంటారు. ఇస్త్రీపెట్టె చేత్తో పట్టుకునే ఆయనా లోపలికొచ్చి తలుపు గడియ పెట్టాడు. గోడ గడియారం రెండు యాభై చూపిస్తోంది.

బ్రీఫింగ్ రెండు ముక్కల్లో ముగిసింది. సరిహద్దు అవతల విదేశీ ముఠాలో ఏడాదిగా దూరి ఉన్న మన ఏజెంట్ ఈరోజు బయటపడుతున్నాడు. నాలుగింటికి ఐదు నిమిషాలు మాత్రం రేడియో తెరుస్తాడు. అప్పుడు కబురు అందకపోతే ముందనుకున్న ప్రకారం రైలెక్కుతాడు. స్టేషన్‌లో ముఠా కాపు కాసింది.

"ఆ ఏజెంట్ మీ అన్న," అన్నాడు పెద్దాయన.

సూదికి ఆ సంగతి తెలుసు. గోడ గడియారం వైపు మరోసారి చూశాడు.

కబురు పంపే కంప్యూటర్ ఒక్కటే ఉంది. అది పొద్దున పదకొండింటికి చచ్చింది. ఇన్ని రోజులుండగా ఈరోజే ఎందుకు చావాలన్నది సూది మొదటి అనుమానం. మదర్‌బోర్డ్ కాలిపోయిందని తేల్చింది ఇంజనీర్ మేడమ్. స్టోర్లో సంతకం పెట్టి కొత్త బోర్డు తీసుకుంది, మార్చింది, ఆపరేటింగ్ సిస్టమ్ మళ్లీ ఎక్కించింది, లైసెన్స్ కూడా సరిచేసిందట. పెద్దాయన సూదిని పిలిపించింది కబురును కోడ్‌లో పెట్టడానికే. ఆ కోడ్ అన్నదమ్ములిద్దరికే తెలుసు.

మేడమ్ కుర్చీ పక్కన నిలబడి నవ్వుతోంది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, హైహీల్స్. మొహం చూస్తే చూపు తిప్పుకోవడం కష్టం, అందుకని సూది ఆవిడ చేతుల్నే చూశాడు. నాలుగేళ్ల దుమ్ము పట్టిన కంప్యూటర్ డబ్బా విప్పిందట, అయినా గోళ్ల రంగు కూడా చెదరలేదు.

సూది కూర్చుని సెట్టింగ్స్ తెరిచాడు. లైసెన్స్ యాక్టివేటెడ్ అని ఉంది.

"లైసెన్స్ ఏది పెట్టారు?"

"పాతదే. ఏ పేచీ లేకుండా ఎక్కేసింది."

ఎలా ఎక్కుతుంది? ఈ మెషీన్ కొన్నప్పుడు సూది పక్కనే ఉన్నాడు. పిల్లికి కూడా బిచ్చం పెట్టని పెద్దాయన, లైసెన్స్ విడిగా కొనడం దేనికని, మెషీన్‌తో పాటు వచ్చే చవక రకంతో సరిపెట్టాడు. ఆ రకం లైసెన్స్‌కి మదర్‌బోర్డే ప్రాణం. బోర్డు పోతే దానితోనే పోతుంది. కొత్త బోర్డు పెట్టగానే మెషీన్ లైసెన్స్ ఏదని అడిగి తీరాలి. ఇది అడగలేదు. అంటే బోర్డు మారనేలేదు.

"మేడమ్, స్టోర్లో తీసుకున్న బోర్డు ఎక్కడుంది?"

ఆవిడ చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్లి లిప్‌స్టిక్‌తో బయటికొచ్చింది.

"ఇప్పుడు వద్దు. పెదాలు బాగానే ఉన్నాయి," అన్నాడు సూది.

ఆవిడ దాని మూత తిప్పేలోపు పెద్దాయన ఇస్త్రీపెట్టె ఆ మణికట్టుకి బెత్తెడు దూరంలో ఆగింది. లిప్‌స్టిక్ కింద పడింది. అది లిప్‌స్టిక్ కాదు, ఒక్క తూటా పట్టే తుపాకీ. బ్యాగ్ అడుగున కొత్త బోర్డు పెట్టె ఉంది, స్టోర్ వాళ్ల లక్క ముద్ర చెక్కుచెదరకుండా.

డబ్బా విప్పితే పాత బోర్డు మీద గోరంత చిప్ అతికించి ఉంది. కబురు పోగానే అది ఎక్కడికి చేరిందో ముఠాకి చెప్పేస్తుంది. అన్న ఆచూకీ తమ్ముడి చేత్తోనే పంపించాలన్నది వాళ్ల పథకం.

లాండ్రీ తాడుతో చేతులు కట్టించుకున్నాక కూడా మేడమ్ నవ్వు చెరగలేదు. "చిప్ పీకేసుకో. డిస్క్‌లో ఏం దాచానో నీకెలా తెలుస్తుంది? కొత్త బోర్డు పెడితే లైసెన్స్ లేదు. లైసెన్స్ లేకపోతే మీ కోడ్ ప్రోగ్రామ్ తెరుచుకోదు. ఆ రూల్ పెట్టింది మీ పెద్దాయనే."

పెద్దాయన నేల చూపులు చూశాడు. విడిగా లైసెన్స్ కొనాలంటే మూడు సంతకాలు కావాలని, అవి వచ్చేసరికి వారం పడుతుందని గొణిగాడు. సూదికి ఒళ్లు మండింది కానీ తిట్టడానికి టైమ్ లేదు.

లక్క పగలగొట్టి కొత్త బోర్డు బిగించాడు. స్టోర్ నుంచి కొత్త డిస్క్ తెప్పించి సిస్టమ్, కోడ్ ప్రోగ్రామ్ మొదట్నుంచీ ఎక్కించాడు. మూడు నలభై ఆరుకి తెర వెలిగింది. మూలన చిన్న అక్షరాలు: యాక్టివేట్ చేయండి.

అప్పుడు గుర్తొచ్చింది. అన్న పెద్దాయనలాంటివాడు కాదు. పిల్లల పుస్తకాలకు బొమ్మలు గీసే వదిన కోసం కంప్యూటర్ కొన్నప్పుడు పూర్తి లైసెన్స్ విడిగా కొన్నాడు. ఆ రకం ఒక మెషీన్లో తీసేసి ఇంకో మెషీన్లో పెట్టుకోవచ్చు. సూది ఫోన్ అందుకున్నాడు.

తన భర్త ఎరువుల కంపెనీలో సేల్స్‌మన్ అని వదిన నమ్మకం. కనీసం సూది అలా అనుకుంటున్నాడు. ఆఫీసు మెషీన్ పాడైందని, లైసెన్స్ ఒకసారి అరువు కావాలని చెప్పాడు. ఈ సాయంత్రానికి ఎనిమిది బొమ్మలు ఇవ్వాలి, ఇప్పుడు దాన్ని కెలకడం కుదరదంది వదిన. సూది బతిమాలాడు. అతను ఎవర్నీ బతిమాలే రకం కాదని ఆవిడకి తెలుసు.

"నిజం చెప్పు మరిదీ. ఇది మీ అన్న కోసమేనా?"

సూదికి అబద్ధాలు కొత్త కాదు. ఆ క్షణాన ఒక్కటీ నోట్లోకి రాలేదు. "నంబర్ చదువు వదినా," అన్నాడు.

"సరే, రాసుకో," అంది వదిన. అట్టపెట్టె మీది ఇరవై అయిదు అక్షరాలూ ఒక్కొక్కటే చదివింది. తన మెషీన్లోంచి లైసెన్స్ ఎలా తీసేయాలో అతను చెబితే మారు మాట్లాడకుండా తీసేసింది.

మూడు యాభై ఆరు. యాక్టివేషన్ నంబర్లో మరమనిషి గొంతు, ఈ లైసెన్స్ ఎన్ని కంప్యూటర్లలో వాడుతున్నారని అడిగింది. ఒక్కదాంట్లోనే అన్నాడు సూది. ఈ ఉద్యోగంలో పరాయి గొంతుకి అతను నిజం చెప్పడం అదే మొదలు.

కోడ్ ప్రోగ్రామ్ తెరుచుకుంది. నాలుగు దాటి రెండు నిమిషాలకు కబురు వెళ్లింది: రైలు వద్దు, పడవ. నాలుగు దాటి నాలుగు నిమిషాలకు జవాబొచ్చింది: అందింది. సూది రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. మేడమ్ నవ్వు అప్పుడు ఆగింది.

మూడో రోజు పొద్దున అన్న వచ్చి తన ఇంటి తలుపు తట్టాడు. గడ్డం పెరిగింది, ఎడమ చెయ్యి కట్టులో ఉంది. వదిన చాలాసేపు అతని చొక్కా పట్టుకుని నిలబడింది. తర్వాత కళ్లు తుడుచుకుని కంప్యూటర్ తెర అతని వైపు తిప్పింది. మూలన యాక్టివేట్ చేయండి అన్న అక్షరాలు వెలుగుతున్నాయి.

"ముందు దీనికో లైసెన్స్ తీసుకురండి," అంది. "ఎరువుల కథ తర్వాత వింటాను."

ఏడాదిపాటు ముఠా ఎన్ని ప్రశ్నలేసినా తడుముకోని ఏజెంట్, చెప్పులైనా విప్పకుండా షాపుకి బయల్దేరాడు.