ఆరు వందల నలభయ్యో మీటరు

మనిషిని చంపడానికి మొక్కుకుంటే, ఆ మొక్కు దేవుడికి చెల్లించాలా, వద్దా? పన్నెండేళ్లుగా జగదీశ్వర్‌ను ఈ సందేహం వదల్లేదు.

అప్పుడు సరిహద్దు ఊళ్లో అతని పిస్టల్ మొరాయించింది. శత్రువు తుపాకి తన నుదుటికి ఆనుకుని ఉంది. "చిక్కడపల్లి వెంకన్నా, ఈ ఒక్క గుండు పేలనియ్, కొబ్బరికాయ కొడత" అనుకున్నాడు. పేలింది. శత్రువు మొహం సగం ఎగిరిపోయింది. అప్పటినుంచి రోజూ నిఘా విభాగం ఆఫీసుకు వెళ్తూ గుడి ముందు ఆగుతాడు, చెప్పులు విప్పుతాడు, గడప దాకా వెళ్లి, వెనక్కి వచ్చి మళ్లీ తొడుక్కుంటాడు.

ఆ ఉదయం చెప్పులు విప్పుతుండగా చీఫ్ వీరరాఘవరావు ఫోన్ చేశాడు.

"క్రాంతికుమార్‌ను చంపేశారు. అశోక్‌నగర్ కేబుల్ ఛాంబర్ దగ్గర."

జగదీశ్వర్ విప్పిన చెప్పు మళ్లీ తొడుక్కున్నాడు. డేటా మోసే గాజు తీగలు, ఫైబర్, అతకడంలో డిపార్ట్‌మెంట్‌లో క్రాంతిని మించినవాడు లేడు.

"చనిపోయే ముందు నాకు ఫోన్ చేశాడు. ఆరు వందల నలభయ్యో మీటరు దగ్గర లైట్ లీకవుతోందన్నాడు. విదేశీ ముఠా అక్కడ క్లిప్ పెట్టింది. ఫైబర్‌ను కాస్త వంచితే లోపలి వెలుతురు కొంత బయటికొస్తుంది. దాన్ని చదివేస్తారు."

"గడువు?"

"పదకొండు గంటలు. అప్పుడు కొత్త లైన్ ఆన్ అవుతుంది. తీరంలోని రాడార్ల డేటా మొత్తం ఆ లైన్ మీదే నారాయణగూడ డేటా సెంటర్‌కు వస్తుంది. మొదటి సెకనులో వెళ్లేవి ఆ డేటాను తెరిచే తాళాల కోడ్‌లు. అవి దొరికితే తీరమంతా గుడ్డిదైపోతుంది. ముఠాలో ఉన్న మన ఏజెంట్ నాగశ్రీ నిన్ను కలుస్తుంది. ఆమెను గుర్తుపట్టే కోడ్ తెలుసుగా?"

పది గంటలకు మేస్త్రీ వేషంలో, నారింజ జాకెట్ తొడుక్కుని, జగదీశ్వర్ అశోక్‌నగర్‌లో దిగాడు. శవం మీది టార్పాలిన్ ఎత్తి చూశాడు. కేబుల్ లోపల బలం కోసం వేసే పసుపు దారం క్రాంతి మెడను ఎముక దాకా కోసేసింది. పక్కన బుగ్గయ్య కూర్చుని ఉన్నాడు. పాలమూరు నుంచి వచ్చి కేబుల్ గుంజే కూలి.

"అన్నా, సారు చేతి మీద టేపు సూడు. అతుకేసినప్పుడల్లా తెగిన గాజు తునకలు దానికే అంటిస్తుండె. కింద పడేస్తే నా కాళ్లల్ల దిగుతయని. పొద్దుగాల సంది ఇరవై అతుకులేసిండు. ఒక్క తునక లేదేంది?"

అంతలో నాగశ్రీ వచ్చింది. నల్ల కళ్లద్దాలు, ముదురు లిప్‌స్టిక్, ఒంటికి అతికినట్టున్న ఇంజనీర్ జాకెట్. హెల్మెట్ ఎడమచేత్తో తీసింది.

"చాయ్‌ల అల్లం ఉన్నదా?" అన్నాడు జగదీశ్వర్.

"ఇలాచీ ఒక్కటే." కోడ్ సరిపోయింది. "క్లిప్ నారాయణగూడ చౌరస్తాలో ఉంది. పదండి."

జగదీశ్వర్ కదల్లేదు. "బుగ్గయ్యా, ఆరు వందల నలభయ్యో మీటరు ఏడొస్తది?"

"గుడి సందుల. కేబుల్ మీద మీటరుకో నంబరుంటది. గుంజినోణ్ని, నాకెర్కలేదా?"

"కూలివాడి మాట నమ్ముతారా?" నాగశ్రీ నవ్వింది.

"ముందు అదే చూద్దాం మేడమ్. దారిలదే గద."

గుడి సందులో ఛాంబర్ దగ్గరికి చేరేసరికి పది యాభై. "మూత బరువుంది మేడమ్. ఒక చెయ్యి వెయ్యండి" అన్నాడు జగదీశ్వర్.

ఆమె మళ్లీ ఎడమ చెయ్యే వేసింది. మూత పక్కకు జరిగింది. జగదీశ్వర్ ఆమె కుడిచేతిని పట్టుకుని ఇనుప పిడి మీద అదిమాడు. నాగశ్రీ కెవ్వుమంది. అరచేతి నిండా ఆవగింజల్లాంటి ఎర్రటి పొక్కులు. ఎండలో వాటిలోంచి గాజు నూగు మెరిసింది.

"సచ్చేముందు క్రాంతి తన టేపు మీది గాజు తునకలన్నీ నీ చేతికి ఒత్తిండు. చంపింది నువ్వే."

ఆమె మోకాలు అతని పొట్టలో దిగింది. అడ్డొచ్చిన బుగ్గయ్య తల మీద మూత తీసే ఇనుప కొక్కెం పడింది. రక్తం చిమ్మింది. జగదీశ్వర్ అటు చూసిన క్షణంలోనే వెనకనుంచి పసుపు దారం మెడకు చుట్టుకుంది. చర్మం తెగింది. దారం కిందికి దూర్చిన వేళ్లూ తెగాయి. ఇద్దరూ కలిసి, సందులో కొబ్బరికాయలమ్మే సమ్మక్క బండి మీద పడ్డారు. కళ్లు బైర్లు కమ్ముతుంటే అతని చేతికి గుండ్రంగా ఏదో తగిలింది. భుజం మీదుగా వెనక్కి కొట్టాడు. దారం వదల్లేదు. మళ్లీ కొట్టాడు. మూడో దెబ్బకు కాయ పగిలి, నీళ్లూ రక్తమూ కలిసి అతని మొహం మీద పడ్డాయి. నాగశ్రీ తూలి ఛాంబర్‌లో పడిపోయింది.

పది యాభై తొమ్మిది. బుగ్గయ్య కంట్లోకి కారుతున్న రక్తం తుడుచుకుంటూ, బోర్లా పడుకుని కేబుల్ చుట్ట పైకి లాగాడు. "ముప్పై ఎనిమిది... ముప్పై తొమ్మిది... ఇగో!"

తొక్క ఒలిచిన చోట గోరంత క్లిప్. జగదీశ్వర్ పీకేశాడు.

సరిగ్గా పదకొండుకు ఫోన్‌లో చీఫ్ గొంతు: "లైన్ ఆన్. లీక్ లేదు."

ఛాంబర్‌లో మోకాలి లోతు మురుగు. నాగశ్రీ మొహం అందులో మునిగి ఉంది. బుడగలు వస్తున్నాయి. వదిలేస్తే అడిగేవాళ్లు లేరు. జగదీశ్వర్‌కు క్రాంతి మెడ గుర్తొచ్చింది. ఒక్క క్షణం అలాగే నిలబడ్డాడు. తర్వాత లోపలికి దిగి, జుట్టు పట్టి ఆమెను బయటికి లాగి, కడుపులోని నీళ్లు కక్కించాడు. ఆమె దగ్గి, ఊపిరి తీసుకుంది. బేడీలు వేశాడు.

అంబులెన్స్‌లో బుగ్గయ్యను ఎక్కించాక, మెడకు తువ్వాలు చుట్టుకుని బండి దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ఒక కాయ ఇయ్యి."

సమ్మక్క ఎగాదిగా చూసింది. "ఇందాకనే కొట్టినవ్ గదన్నా?"

"అది డ్యూటీ."

దేవుడు తీసుకుంటాడో లేదో, ఇస్తేనే కదా తెలిసేది. చెప్పులు విడిచి, పన్నెండేళ్ల తర్వాత గడప దాటాడు.

ఈ కాయ ఒక్క దెబ్బకే పగిలింది.