మగ ఎలుకల గది

పరీక్ష పట్టీ మీద రెండు గీతలు చూసి కోడలు నవ్వలేదు. స్నానాల గది తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఇంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. మళ్లీ అదే జరుగుతుందేమో!

వంటింట్లోంచి అత్తగారు తొంగిచూసింది.

"ఈసారైనా మంచం దిగకమ్మా. పోయినసారి మెట్లెక్కొద్దంటే విన్నావా?"

"మెట్లెక్కితేనే పోతుందా అత్తయ్యా?"

"నిన్నని కాదులే. కొందరి ఒళ్లే అంత."

కొడుకు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. అతను పనిచేసేది ల్యాబులో, మగ ఎలుకల గదిలో.

"అమ్మా, ఆపు. లోపం నాదే కావచ్చు."

"నీకేంరా? గుండ్రాయిలా ఉన్నావు."

"మేం పరిశోధన కోసం పెంచే ఎలుకలూ అలాగే ఉంటాయి. తింటాయి, గెంతుతాయి. లోపల మాత్రం క్రోమోజోముల ముక్కలు తారుమారై ఉంటాయి. వాటి వీర్యకణాల్లో కొన్నింటికి ఒక ముక్క ఎక్కువ, ఇంకోటి తక్కువ. అలాంటి పిండం నిలవదు. అందులో తల్లి తప్పేం లేదు."

కోడలు అతనివైపు తిరిగింది. "ఈ అనుమానం నీకెప్పట్నుంచి?"

"పోయినసారి నుంచి."

"మెట్లెక్కి చంపుకున్నానని నేను కుమిలిపోతుంటే, పక్కన కూర్చుని తల నిమిరావు కదా! అప్పుడు నోరు పెగల్లేదా?"

"భయమేసింది. పరీక్షలో నాదేనని తేలితే నన్నెలా చూస్తావోనని..."

"మరి నా భయం?"

అత్తగారు కుర్చీలో కూలబడింది.

"నీకంటే ముందు నాకు మూడు పోయాయిరా," అంది. "మా అత్త నానా మాటలూ అంది. మీ నాన్న పేపరు చాటునుంచి తల ఎత్తలేదు."

అతను ఉలిక్కిపడ్డాడు. "అయితే ఇది నాన్న నుంచే వచ్చిందేమో!"

"మరి నువ్వెలా నిలిచావు?"

"కొన్ని నిలుస్తాయమ్మా. మా ఎలుకలకీ పిల్లలు పుడతాయి. తక్కువే, కానీ పుడతాయి."

ఆ పూటే ముగ్గురూ ఆసుపత్రికి వెళ్లారు. అతను చొక్కా చేయి మడిచి పరీక్షకి రక్తమిచ్చాడు. కోడలు మొహం పక్కకి తిప్పుకునే అతని రెండో చేయి పట్టుకుంది.

బయట బల్ల మీద అత్తగారు కోడలి పక్కన కూర్చుంది. కొడుకుని చిన్నగా అడిగింది.

"నాన్నా, అయితే ఆ ముగ్గుర్నీ... నేను పోగొట్టుకోలేదంటావా?"

"లేదమ్మా. నువ్వు కాదు."

ఇన్నేళ్లకు ఆవిడ ముఖం చేతుల్లో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. కోడలు జరిగి, అత్తగారి తలను తన భుజానికి ఆనించుకుంది.