కళ్ళు తెరిచిన నంది

నంద్యాల మెయిన్ రోడ్డు మీద ప్రొఫెసర్ సంజీవయ్య చెరకు రసం తాగాడు. గ్లాసు తిరిగిస్తూ "ఐసు ఎక్కువేసినావప్పా" అన్నాడు. అక్కడే కూలిపోయాడు. రసంలో విషం ఉంది. జనం ఇంకా అక్కడ గుమిగూడి ఉండగానే ఆయన ల్యాబ్ తగలబడింది. బూడిదలో ఆయన ప్రయోగాలకు పెంచిన తాబేలు మాత్రం లేదు.

"ఆ తాబేలు కావాలి," అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్ సీక్రెట్ లైన్‌లో. "సంజీవయ్య దానికి కొంచెం కొంచెంగా వేడిని, ఆక్సిజన్ తక్కువ గాలిని అలవాటు చేశాడు. ఒంట్లో స్ట్రెస్ ప్రోటీన్లు బాగా పెరిగాయి. వేడికి కణాల్లో ఆకారం చెడిన ప్రోటీన్లను అవే సరిచేసి నిలబెడతాయి. వాటి నుంచి మన సైనికుల గుండెను కాపాడే మందు తయారు కావాలి. ఆర్కిడ్ ముఠా దాన్ని సముద్రం దాటించబోతోంది. కానీ వేడి, ఊపిరాడకపోవడం రెండూ ఒకేసారి మీదపడితే దానికీ హద్దుంది. చచ్చిందంటే సంజీవయ్య బతుకంతా పోయినట్టే."

ఏజెంట్ భార్గవ్ అప్పుడే వచ్చిన మెసేజ్ చదివాడు. "'ఆళ్లగడ్డ. కళ్ళు తెరిచిన నందిని వెతుకు. బిరీన రా.' రెబెకా పంపింది సార్."

"ఆమె ఆర్కిడ్ జీతం తింటోంది. అది ట్రాప్. నంద్యాల రైల్వే స్టేషన్ చూడు ముందు."

రెబెకా రెండు వైపులా పనిచేసే మనిషి. పట్టుచీరలో ఎంబసీ పార్టీలకు వెళ్ళినా తన ఊరు దొర్నిపాడు యాస వదలని మనిషి. ఒకప్పుడు భార్గవ్ పెళ్ళి చేసుకుందామనుకున్న మనిషి. అయినా అతను చీఫ్ మాటే విన్నాడు. స్టేషన్లో పార్సిళ్ళన్నీ విప్పించాడు. ఏమీ దొరకలేదు. ఆళ్లగడ్డ శిల్పుల వీధిలో దిగేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

పంచె, విభూతి, చేతికర్ర. గుడి ధర్మకర్త వేషం.

"ఏందప్పా భార్గవా, ఈ యేసం?" అన్నాడు శిల్పి లక్ష్మీనరసింహం, ఉలి ఆపకుండానే. "మీ నాయన చూసింటే నవ్వీ నవ్వీ సచ్చేటోడు."

"మామా, నందులేమన్నా విదేశాలకు పోతాండాయా?"

"అదో, ఆ కంటైనర్ లారీలో. పొద్దన్నుంచి ఎండలోనే ఉండాది. బరువు తగ్గాలంట, కడుపులు కొన్నోళ్ళే తొలుచుకున్నారు."

"కళ్ళు తెరిచినావా వాటికి?"

ఉలి ఆగింది. "మతి పోయిందా నీకు? ప్రతిష్ఠ కాకుండా కళ్ళు తెరిచేది యాడన్నా ఉంటాదా? ఈ వీధిలో పుట్టి అడిగే మాటేనా ఇది?"

ఆ సంగతి ఒకప్పుడు రెబెకాకు చెప్పింది భార్గవే, తన తండ్రి పనిశాలలో. "అంతవరకూ గుడ్డిదేనా, పాపం!" అని ఆమె కొంగుతో నంది మొహం మీది రాతిపొడి తుడిచింది.

లారీ కదిలింది. భార్గవ్ పరుగెత్తి ఫుట్‌బోర్డు ఎక్కాడు. డ్రైవర్ పిస్టల్ తీసేలోపే చేతికర్ర కొస నుంచి గ్యాస్ చిమ్మింది. హైవే అంచున లారీ ఆగింది.

తాళం పగలగొట్టి వెనక తలుపు తీస్తుంటే చెయ్యి కాలింది. లోపల గాలి లేదు, ఉడుకు మాత్రమే ఉంది. థర్మల్ కెమెరా పెట్టి చూశాడు. తెరంతా ఒకే రంగు. రాయి, ఇనుము, మూలన కూర్చున్న మనిషి, అన్నీ ఒకే రంగు.

రెబెకా ఒక నందికి ఆనుకుని ఉంది. ఆ నంది కళ్ళలో కొత్తగా, కడుపుదాకా డ్రిల్లుతో వేసిన రంధ్రాలు. ఆ పని చేస్తూ దొరికిపోయి ఉంటుంది. ముఠా ఆమెను నందులతోపాటే లోపల పెట్టి తాళం వేసింది. చేతిలో ఖాళీ నీళ్ళ సీసా. తడిచున్నీ కొసలు నంది రెండు కళ్ళలోంచి లోపలికి దిగి ఉన్నాయి. ఆమె పెదాలు మాత్రం పగిలి, ఎండి ఉన్నాయి.

భార్గవ్ ఆ నంది పీఠం పలక ఊడదీశాడు. తాబేలు చాలాసేపు రాయిలా ఉంది. తర్వాత తల మెల్లగా బయటికి పెట్టి, కళ్ళార్పింది.

లారీ వెనకే పరుగెత్తుకొచ్చిన లక్ష్మీనరసింహం తువ్వాలు తీసి రెబెకా మొహం మీద కప్పాడు. "ఎవురప్పా ఈ పాప?"

"మన మనిషే మామా."

ఫోన్ మోగింది. "తాబేలు?"

"బతికింది సార్."

"గుడ్. రెబెకా?"

భార్గవ్ ఖాళీ సీసా మూత బిగించాడు. "ఆ స్ట్రెస్ ప్రోటీన్లు మనుషుల్లో ఉండవా సార్?"

"ఉంటాయి. సరిపోవు, అంతే."

"రైల్వే స్టేషన్‌కు పోకుండా ఉంటే సరిపోయేవి సార్."