నలభై గొర్రెలు, నలభై సీసాలు

"ముప్పై ఒకటో నంబరు గొర్రె ఏదండీ?" అని అడిగాడు సూదిబాబు.

"దాన్నెప్పుడో పిండేశాను. మేతకి పోయింది" అంది కాపరి కూతురు.

అతని చేతిలోని సీసా మీద ముప్పై ఒకటి అని రాసి ఉంది. లోపల ఏ గొర్రె పాలున్నాయో దేవుడికెరుక.

సూదిబాబు అని పేరు పెట్టింది కాపరే. ఈనే కాలానికి ముందు ల్యాబ్ నుంచి వచ్చి మందలో నలభై గొర్రెలకు సూదులు వేసింది ఇతను. ఇరవైకి పొదుగువాపు రాకుండా కొత్త టీకా, ఇరవైకి వట్టి ఉప్పునీళ్లు. దేనికేది వేశాడో అతనికీ తెలియదు. ఆ జాబితా ల్యాబ్‌లో పెద్ద మేడం దగ్గర సీలు వేసిన కవరులో ఉంది. రెండేళ్లుగా వాపుతో పొదుగులు చెడిపోతుంటే, మందను బేరగాడికి అమ్మేస్తానని కాపరి తేల్చేశాడు. కూతురు బతిమాలి ఈ టీకా ఫలితం వచ్చేదాకా ఆపింది.

వాపు పరీక్షకు పాలు పట్టే సీసాల మీద సూదిబాబు ముందురోజే ఒకటి నుంచి నలభై దాకా రాసుకున్నాడు. గొర్రెలూ అదే వరసలో వస్తాయనుకుని నింపుకుంటూ పోయాడు. చెవి బిళ్ల చూడాల్సిన కళ్లు పాలు పిండే మనిషి మీదే ఉండిపోయాయి. వాపు గొర్రెలకు అప్పుడే మందు పడిపోయింది కాబట్టి మళ్లీ పాలు తీసినా లెక్కకు రావు.

"వరస మార్చానని ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"వాపున్నదాన్ని ముందు పిండి, అదే చేత్తో మంచిదాన్ని పిండమంటారా? ఏం చదివారండీ మీరు?"

అది అతను చదివిన పుస్తకంలోనే ఉంది.

ఆమె బకెట్ బోర్లించి కూర్చుంది. "పిండిన వరస నాకు గుర్తుంది, రాసుకోండి. మొదట కుంటిది. తర్వాత దాని చెల్లెలు. తర్వాత చెవి చిరిగింది..."

ఒక్కొక్కదాని నంబరూ గొర్రెల గుర్తులున్న రిజిస్టరులో వెతికి రాసుకున్నాడు. నలభై పూర్తయ్యాక, పదిహేడోది మళ్లీ చెప్పమన్నాడు.

"పరీక్షా? నల్లమూతిది. అప్పుడు మీరు సీసాకి మూత పెట్టడం మానేసి నన్ను చూస్తున్నారు."

అతను నల్లమూతి వరకే రాసుకున్నాడు.

ఆ జ్ఞాపకాన్ని సాక్ష్యంగా ఒప్పుకోనంది మేడం. తనకు తోచిన పది సీసాలు ఏరి, ఆ పాలలోని కణాలను ఆయా గొర్రెల రక్తంతో పోల్చి చూస్తానంది. పది రోజులు పడుతుందంది. ఆ పది రోజులూ సూదిబాబుకు పాకలో పనేమీ లేదు. అయినా ఏడు రోజులు వచ్చాడు. థర్మామీటరు మరిచిపోయానని రెండుసార్లు చెప్పాడు. కాపరి వేళ్లు మడిచి లెక్కపెట్టాడు.

పదకొండో రోజు ఫోన్ వచ్చింది. ముగ్గురూ దాని చుట్టూ మూగారు. పది సీసాలకు పదీ సరిపోయాయి. మేడం కవరు చించుతున్న చప్పుడు వినిపించింది.

"టీకా వేసినవాటిలో వాపు వచ్చినవి రెండు. ఉప్పునీళ్లవాటిలో పదకొండు" అంది మేడం. "అన్నట్టు, మీవాడు తప్పు నాదేనని రిపోర్టులో మూడుచోట్ల రాశాడు. ఒకచోట చాలని చెప్పండి."

కాపరి వెంటనే బేరగాడికి ఫోన్ చేసి లారీ అక్కర్లేదన్నాడు.

"నా మీదకి తోసేస్తారనుకున్నాను" అంది ఆమె.

"మీ తప్పు కాదుగా." సూదిబాబు మిగిలిన ఖాళీ సీసాలు పెట్టెలో సర్దుతున్నాడు. రెండుసార్లు సర్దినవే మళ్లీ తీశాడు. "ఇక్కడ పని అయిపోయింది."

"పని లేకపోతే రాకూడదని మీ మేడం రూలు పెట్టిందా?"

అతను పెట్టె మూసేశాడు. "పని లేకుండానే రోజూ రావాలని ఉంది. మీరంటే ఇష్టం. మీరు సరేనంటే మా అమ్మని తీసుకొచ్చి మీ నాన్నగారితో మాట్లాడిస్తాను."

ఆమె పాలబిందె ఎత్తుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. "ఆదివారం తీసుకురండి. పాలు పిండే వేళకి మాత్రం వద్దు. కొత్త మనిషిని చూస్తే గొర్రెలు పాలు చేపవు."

"ఆదివారం దాకా ఎందుకు?" అన్నాడు కాపరి దడి అవతల నుంచి. "శనివారం కూడా నేను ఖాళీనే."