రైలు మోటారుకు పోసిన నీళ్లు

దెయ్యాలు రాత్రిపూటే వస్తాయని ఎవరన్నారో గానీ, వాళ్లు నారాయణఖేడ్‌లో ఎండాకాలం మధ్యాహ్నం చూసినట్టు లేదు. పన్నెండు దాటితే బస్ డిపో వెనక వీధిలో కుక్క కూడా నీడ వదలదు. సంగమేష్ మోటారు రిపేరు షెడ్డులో మాత్రం పని ఆగదు. కాలిన రాగి వాసన, వార్నిష్ వాసన, పక్క హోటల్లో వేగే మిర్చీల వాసన కలిసి అక్కడే తిరుగుతుంటాయి.

ఇన్నాళ్లూ అక్కడికి బోరు మోటార్లే వచ్చేవి. కల్హేర్ రైతులు, సిర్గాపూర్ రైతులు కాలిపోయిన మోటారును ఆటోలో వేసుకొచ్చి, తెల్లారేసరికి కావాలని ప్రాణం తీసేవాళ్లు. ఈ మధ్య పట్నంలో తిరిగే రైళ్ల మోటారు ఒకటి వచ్చింది. పాతవాటిని తుక్కు కింద పారేసే బదులు తీగ, బేరింగులు మార్చి మళ్లీ రైలుకు ఎక్కించవచ్చని ఒక కాంట్రాక్టరుకు మంచి బుద్ధి పుట్టింది. ఇది సరిగ్గా తిరిగితే మిగతావన్నీ ఇక్కడికే పంపుతానన్నాడు.

పని నిలబడితే సంగమేష్ భార్య సుమంగళ మళ్లీ పట్నం పోయి ఎవరిళ్లలోనో వంట చేయనక్కర్లేదు. పెళ్లయ్యాక ఇద్దరూ ఒక్క కప్పు కింద ఉన్న రోజులు తక్కువ. ఇప్పుడు ఆమె షెడ్డులోనే కూర్చుని మోటార్లకు రాగితీగ కాయిళ్లు చుడుతోంది. ఆమెను మళ్లీ బస్సెక్కించడం తన వల్ల కాదని సంగమేష్‌కు తెలుసు. ఆమె లేని ఇల్లు అతనికి ఇల్లు కాదు.

మోటారు దించుతూ వ్యాను డ్రైవరు నోరు జారాడు. "ఈ మోటారున్న రైలు కింద ఒకడు పడ్డడంట. ఎవడో తెల్వలే. శవం కోసం గూడ ఎవ్వరు రాలే."

షెడ్డులో ముసలి మెకానిక్ చంద్రప్ప ఆ మాట విని స్పానర్ కింద పెట్టేశాడు. బోరు దగ్గర షాకు కొట్టి మనిషి పోతే, ఆ మోటారును విప్పే ముందు చంద్రప్ప ఒక పద్ధతి పాటిస్తాడు. చచ్చిన మనిషి ఇంటివాళ్లు వచ్చి చెంబెడు నీళ్లు దాని మీద పోసి, ఇంటివాళ్లం వచ్చాం, ఇక వెళ్లిపో అని చెప్పాలి. అప్పటిదాకా అతను నట్టు కూడా ముట్టడు. ఆ చుట్టుపక్కల రైతులందరికీ ఇది తెలిసిన సంగతే.

"పక్కకు పెట్టు. వాని ఇంటోళ్లు దొరికేదాక ముట్టద్దు," అన్నాడు చంద్రప్ప.

"గంత పెద్ద పట్నంల యాడ దేవులాడాలె కాకా?"

"బ్యాడప్పా, వద్దు. నా మాట ఇను."

వింటే సంగమేష్ ఎందుకవుతాడు. చెంబు తనే ముంచుకొచ్చి మోటారు మీద బోర్లించాడు. "నీ ఇంటోళ్లం వచ్చినం. ఇగ నువ్వు పో." నీళ్లు జారాయి గానీ కింద నేల తడవలేదు. పని తొందరలో అతను అది చూడలేదు.

చంద్రప్ప మాత్రం చూశాడు. "ఇంటోళ్లమని జెప్పినవు," అన్నాడు మెల్లగా. "ఇగ ఇంటికి రాకుంట యాడికి పోతడు?"

చంద్రప్ప గొణుక్కుంటూనే చెయ్యి కలిపాడు. పని మాత్రం చకచకా సాగింది. పాత తీగ తీశారు. సుమంగళ కొత్త కాయిళ్లు చుట్టింది. గాలి పోయే కంతల్లోంచి చంద్రప్ప వెంట్రుకల ముద్ద ఒకటి, నీలం గుడ్డ పీలిక ఒకటి బయటికి లాగి, షెడ్డు వెనక పాతిపెట్టాడు. ఒకరోజు ఇంట్లో అన్నం వడ్డిస్తూ సుమంగళ మూడు కంచాలు పెట్టింది. మూడోది ఎవరికని అడిగితే తెల్లముఖం వేసి, తర్వాత నవ్వేసింది. ఆ నవ్వులో పడి సంగమేష్ ఆ సంగతి మరిచిపోయాడు.

మోటారును తిప్పి చూసే రోజు మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. ఎర్రమట్టి లోపలికి కొట్టకుండా సంగమేష్ షట్టరు సగానికి పైగా దించాడు. షెడ్డంతా చీకటైంది. రేకులు దడదడలాడాయి. కరెంటు పోయింది. మోటారుకు ఇంకా వైరు కూడా కలపలేదు.

ఊరికే కూర్చోవడం ఎందుకని చంద్రప్ప మోటారు మధ్యలోని ఇనుప షాఫ్టును చేత్తో తిప్పాడు. సంగమేష్ స్క్రూడ్రైవర్ మొన బేరింగు మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకున్నాడు. బేరింగులో గరుకు ఉంటే అలాగే తెలుస్తుంది.

గరుకు లేదు. మెత్తగా తిరుగుతోంది. ఆ మెత్తదనం అడుగున ఇంకేదో ఉంది. ఎవరో ఊపిరి తీస్తున్నారు. లోపలికి... బయటికి...

"ఇగ ఆపు కాకా."

"నేనెప్పుడో చెయ్యి తీసిన," అన్నాడు చంద్రప్ప.

షాఫ్టు తిరుగుతూనే ఉంది. వార్నిష్ వాసన పోయి పచ్చి నెత్తురు వాసన కొట్టింది. చంద్రప్ప వెనక్కి జరగబోయాడు. చొక్కా చెయ్యి షాఫ్టుకు తగిలింది. అంతే... చేతిని చుట్టేసుకుంది. మోచేయి విరిగిన చప్పుడు. తర్వాత భుజం. మనిషిని ఎత్తి మోటారు బిగించిన స్టాండుకేసి కొట్టింది. మళ్లీ కొట్టింది. చొక్కా చిరిగి అతను కింద పడ్డాడు. తెల్లటి ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది.

సుమంగళ పరుగున వచ్చి అతన్ని లేపడానికి వంగింది.

"దగ్గరికి పోకు..."

ఆ మాట పూర్తికాలేదు. ఆమె జడ ముందుకు జారింది. మోటారు అందుకుంది.

ఆమె తల షాఫ్టు వైపు ఒక్క గుంజు గుంజుకుపోయింది. రెండు చేతులతో స్టాండును నెట్టిపట్టింది. అరుపు రాలేదు, గొంతులో గురక వచ్చింది. నుదుటి దగ్గర చర్మం చిట్లింది. నెత్తురు కళ్లలోకి కారింది. సంగమేష్ సమ్మెట ఎత్తి మోటారును బాదాడు. బాదిన కొద్దీ అది జోరందుకుంది. కత్తెర కోసం తడిమాడు. దొరకలేదు. జడను పట్టుకుని లాగబోతే అరచేతి తోలు ఊడొచ్చింది. ఏడుస్తూనే రెండు చేతులతో ఆమె తలను పట్టుకున్నాడు. చెంప మోటారు ఇనుముకు ఆనింది.

అప్పుడు వినిపించింది. ఇనుములోంచి... చాలా చిన్నగా...

"ఈమె గూడ మనింటిదేనా?"

ఆ గొంతులో కోపం లేదు. పండక్కి వచ్చిన చుట్టం అడిగినట్టు అడిగింది. సంగమేష్‌కు చెంబు నీళ్లు పోసిన రోజు గుర్తొచ్చింది. ఇంటివాళ్లం అన్నది తనే. ఆ మాట పట్టుకుని వచ్చింది ఇది.

"కాదు," అన్నాడు. "ఆమె నాకేం గాదు. మా ఇంటిది గాదు."

షాఫ్టు కొంచెం నెమ్మదించింది.

"మరి ఎవరిది?"

సుమంగళ కళ్లు తెరిచే ఉన్నాయి. అతన్నే చూస్తున్నాయి. సంగమేష్ కళ్లు మూసుకున్నాడు. "ఎవరిదీ గాదు. ఆమెకు ఎవ్వరు లేరు."

మోటారు ఆగింది.

"నాకు గూడ ఎవ్వరు లేరు..." అంది గొంతు.

దుమారం తగ్గేసరికి హోటలువాళ్లు షట్టరు లేపి ఇద్దరినీ ఆటోల్లో వేశారు. చంద్రప్పను సంగారెడ్డికి పంపారు. సుమంగళ బతుకుతుందని ఇక్కడి దవాఖానలోనే డాక్టరు చెప్పాడు. తలకు కుట్లు పడ్డాయి. బతుకుతుందన్న మాట విని సంగమేష్ వరండాలో గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చేతికి కట్టు కట్టించుకుని, ముఖం కడుక్కుని, కొబ్బరినీళ్లు కొనుక్కుని వార్డు దగ్గరికి వచ్చాడు. ఇంకా ఎండ తగ్గలేదు.

గుమ్మంలో ఆయా చెయ్యి అడ్డం పెట్టింది. "ఎవల కోసం?"

"సుమంగళ. తలకు దెబ్బ తాకింది."

"ఒక్కరే ఉండాలె లోపట. ఆమె ఇంటాయన ఉన్నడు గదా. నువ్వేమైతవు ఆమెకు?"

సంగమేష్ నోరు తెరిచాడు. ఆమె నాకేం గాదని షెడ్డులో అన్న మాటే నాలుక మీదికొచ్చింది. ఆయా చేతి మీదుగా లోపలికి చూశాడు. వార్డులో ఇంకెవరూ లేరు. సుమంగళ తలకు కట్టుతో, కళ్లు మూసుకుని, గోడకు అంటుకుపోయేంత పక్కకు జరిగి పడుకుంది. మంచంలో మిగిలిన సగం ఖాళీగా ఉంది. ఆ ఖాళీలో పరుపు పొడుగునా లోతుగా అణిగి ఉంది. దుప్పటి మెల్లగా లేస్తోంది, దిగుతోంది.