పట్టికలో మొదటి పేరు

2094లో, ఆదివారం పొద్దున్న విశాఖపట్నంలో సగం ఊరు నడుస్తూ ఉంటుంది. నడవడమంటే వీధుల్లో అనుకునేరు! బీచిరోడ్డు సముద్రంలో కలిసి ఇరవయ్యేళ్ళు దాటింది, మిగిలిన నాలుగు రోడ్లూ సరుకుబళ్ళకే చాలవు. ఎవరి నడక వాళ్ళ ముందుగదిలోనే. అక్కడ గుండ్రటి నడకపళ్ళెం ఉంటుంది. ఇంజనీర్లు దాన్ని ఓమ్నీ ట్రెడ్‌మిల్ అంటారు. ఏ దిక్కుకి అడుగేసినా మనిషిని నడిమధ్యనే ఉంచుతుంది. ఒంటిమీద తాకుడుచొక్కా, అంటే హాప్టిక్ సూట్. అది తొడుక్కుంటే లేని గాలి చెంపకి తగులుతుంది, లేని రాయి అరికాల్లో గుచ్చుకుంటుంది. కళ్ళకి అద్దాలు పెట్టుకుంటే ఇక ఇల్లూ వాకిలీ మాయమై మనిషి ‘దిగంతం’లో ఉంటాడు.

దిగంతం పేరుకి ఆటే. అయితే అందులో ఆంధ్రదేశమంత అడవి ఉంది, దానికి రెండింతల ఎడారి ఉంది, లెక్కలేనన్ని కొండలున్నాయి. ఇటు పో, అటు పో అని చెప్పేవాళ్ళుండరు. ఎవరికి బుద్ధిపుట్టిన వైపు వాళ్ళు పోవచ్చు. కష్టమైన చోటుకి చేరినవాళ్ళు అక్కడ తమ జెండా పాతుతారు. ఎవరివి ఎన్ని జెండాలో ‘అడుగుల పట్టిక’ చూపిస్తుంది.

ఆ పట్టికలో మొదటి పేరు హైమవతిది. ఏడేళ్ళుగా ఆమెదే.

హైమవతికి యాభైమూడేళ్ళు. యూనివర్సిటీలో రాళ్ళశాస్త్రం చెబుతుంది. పొద్దున్నే లేచి పాలు పొయ్యిమీద పెట్టేముందు పట్టిక చూసుకుంటుంది. తన పేరు పైనే ఉందా? ఉంది. హమ్మయ్య. అప్పుడు కాఫీ. ఈ సంగతి ఆమె ఎవరికి చెప్పినా ఎదుటివాళ్ళు అదోలాంటి చిన్న నవ్వు నవ్వి ఊరుకునేవారు. “ఏడుస్తున్నారు పాపం” అనుకుని హైమవతి మరికాస్త పొంగిపోయేది.

ఆమెకి మిగిలింది ఒక్కటే కొండ. దాని నడుముకి ఎప్పుడూ మంచు పట్టి ఉంటుంది. ఆ మంచులో మూరెడు వెడల్పు గట్టు మీదుగా దాటాలి. ఎనిమిది నెలలుగా హైమవతి అక్కడే జారి పడుతోంది. దాని మీద ఎవరి జెండా లేదు. మొదటి జెండా తనదే కావాలి. అది తప్ప ఆమెకి ఈ జన్మలో ఇంక కోరిక లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మరిదిగారి కుటుంబం భోజనానికొచ్చింది. తోడికోడలు అమృతవల్లికి కళ్ళు కనబడవు. పదేళ్ళ క్రితం ఆవిరిగొట్టం పేలి చూపు పోయింది. ఇప్పటి వైద్యం కొత్త కళ్ళయితే పెడుతుంది గానీ, మాడిపోయిన నరాన్ని బతికించలేదు. ఆవిడ హార్బర్లో ఓడ ఇంజను చప్పుడు విని ఎక్కడ చెడిందో చెప్పే ఉద్యోగం చేస్తుంది. మనిషి గలగలా మాట్లాడుతుంది. వంజరం పులుసులో ముళ్ళు వేళ్ళతోనే ఏరుకుంటూ, మాటల్లో మాటగా అంది.

“అక్కా, నిన్న ఆ మంచుకొండ ఎక్కేశాను తెలుసా! జెండా కూడా పాతాను.”

హైమవతి చేతిలో గరిట అలాగే ఉండిపోయింది.

“ఏ మంచుకొండ?”

“అదే, నువ్వు గట్టు దగ్గర పడిపోతున్నానంటావే, అదే.”

“కళ్ళు కనబడవు కదమ్మా, ఎలా ఎక్కావు?”

“చేదోడు లేదూ! గట్టు అంచుకి వెళ్తే చెవిలో గాలి హోరు పెరుగుతుంది. దారి మధ్యలో ఉంటే పిల్లనగ్రోవిలా సన్నటి పాట. ఆ మంచులో కళ్ళున్నవాళ్ళకి మాత్రం ఏం కనబడుతుందిలే.”

“అంటే... మొట్టమొదట ఎక్కింది నువ్వన్నమాట.”

వల్లి ఏదో అనబోయి ఆగింది. “పులుసు ఎంత బాగుందో అక్కా” అంది.

ఆ మాట తప్పించడం హైమవతికి మరింత మంటెక్కించింది. వాళ్ళు వెళ్ళగానే అంట్లు అలాగే వదిలేసి చొక్కా తొడుక్కుని కొండ దగ్గరికి పరుగెత్తింది. దూరదర్శిని పెట్టి చూస్తే శిఖరం బోడిగా ఉంది. జెండా లేదు, గిండా లేదు.

“చూశారా, అబద్ధమాడింది!” అంది భర్తతో.

“ఆడితే ఆడిందిలే. నీకెందుకంత కడుపుమంట?” అన్నాడు గవర్రాజు.

“అబద్ధమన్నా అయ్యుండాలి, మోసమన్నా అయ్యుండాలి. పరాయి సాయంతో ఎక్కితే జెండా నిలవదేమో.”

ఇక్కడ చేదోడు గురించి కొంచెం చెప్పాలి. పూర్వం ఆటల్లో ‘యాక్సెసిబిలిటీ’ అని ఒక మెనూ ఉండేది. చూపు ఆననివాళ్ళు ఒకటి, చెయ్యి వణికేవాళ్ళు ఒకటి, వినబడనివాళ్ళు ఒకటి టిక్కు పెట్టుకోవాలి. నామోషీ కొద్దీ సగంమంది పెట్టుకునేవారు కాదు, ఆట మానేసేవారు. డాక్టర్ మస్తాన్‌వలి బృందం ఆ మెనూని తీసి పారేసి, చేదోడు అనే యంత్రబుద్ధిని తయారుచేసింది. మొదటిరోజు అది ఒకే ప్రశ్న అడుగుతుంది: “నీ నడకకి అడ్డమొచ్చేవన్నీ తీసెయ్యమంటావా?” అవునంటే చాలు. ఆ తరవాత మనిషి ఎక్కడ తడబడుతున్నాడో, ఎక్కడ ఆగిపోతున్నాడో తనే కనిపెట్టి, అక్కడికి తగిన ఊతం ఇస్తుంది. ఏం ఇచ్చిందో చెప్పదు. ఆ చిట్టా తయారుచేసినవాళ్ళకి కూడా కనబడదు. సాయం పొందిన సంగతే తెలియకపోతే ఇంక చిన్నతనమెక్కడ? రెండేళ్ళలో జనం తాము అవునన్న సంగతే మరిచిపోయారు. హైమవతీ మరిచిపోయింది. ఊతమంటే వల్లిలాంటివాళ్ళకి అనే ఆమె నమ్మకం.

ఆటగాళ్ళ సభకి ఫిర్యాదు వెళ్ళింది. ‘ఊతంతో ఎక్కినవాళ్ళకి వేరే పట్టిక పెట్టాలి. నా చిట్టా, అమృతవల్లి చిట్టా రెండూ అందరిముందూ చదివించాలి.’

డాక్టర్ మస్తాన్‌వలి స్వయంగా మాట్లాడాడు. “అమ్మా, చిట్టాలో ఏముందో నాకూ తెలీదు. ఒకసారి తెరిస్తే మళ్ళీ మూసేది కాదు. ఇంకోసారి ఆలోచించుకోండి.”

“నాదాంట్లో ఏముంటుందండీ? తెల్లకాగితం.”

వల్లి ఒప్పుకుంటేనే ఆమె చిట్టా తెరవాలి. హైమవతి ఫోన్ చేసింది.

“వద్దక్కా, ఈ గొడవ వదిలెయ్. కావాలంటే నా జెండా తీసేయించుకుంటాను.”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదేగా! హైమవతికి ప్రాణం లేచొచ్చింది. “తప్పు లేనిదానివి భయమెందుకు?” అంది. వల్లి నిట్టూర్చి సరేనంది.

పంచాయితీ రోజు మధురవాడ కొండమీద సభాభవనం నిండింది. చుట్టాలొచ్చారు, పొరుగువాళ్ళొచ్చారు, యూనివర్సిటీ వాళ్ళొచ్చారు. అందరూ దిగంతం ఆడేవాళ్ళే. హైమవతి గంజిపెట్టిన చీర కట్టుకుని ముందువరసలో కూర్చుంది. వల్లి పక్కనే, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని.

చేదోడు గొంతు ఆడా కాదు, మగా కాదు. మంచి నర్సు మాట్లాడినట్టుంటుంది.

“అమృతవల్లిగారి ఊతాలు మూడు. అంచుల దగ్గర గాలిచప్పుడు. దారి మధ్యలో పాట. రాతలన్నీ, పట్టికతో సహా, చదివి వినిపించడం. అంతే.”

హైమవతి చుట్టూ చూసింది. విన్నారా, అన్నట్టు.

“హైమవతిగారి ఊతాలు నాలుగు.”

“ఏమిటీ?” అంది హైమవతి.

“కుడిమోకాలు నొప్పి. నాలుగేళ్ళుగా ఏటవాలు తగ్గించి ఇస్తున్నాను. దగ్గరి చూపు మందం. అక్షరాలు పెద్దవి చేస్తున్నాను. ఎత్తుకెళ్తే తల తిరగడం. లోయ లోతు సగమే చూపిస్తున్నాను.”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

“నాలుగోది, తనకంటే ముందున్నవాళ్ళని కనబడకుండా చెయ్యడం.”

మస్తాన్‌వలి ముందుకి వంగి, “అదేం ఊతం? వివరంగా చెప్పు” అన్నాడు.

“మొదటి నెలలో హైమవతిగారు పదకొండుసార్లు నడక మానేశారు. కొండని చూసి మానలేదు, మొసలిని చూసి మానలేదు. పట్టికలో తనకి పైన ఒక పేరు చూసిన ప్రతిసారీ మానేశారు. గుండె దడదడలాడేది, చేతులు చల్లబడేవి, రెండేసి రోజులు వచ్చేవారు కాదు. అడ్డమొచ్చేది తియ్యమని నాకు ఆజ్ఞ. ముందు పేర్లు తీశాను. తరవాత జెండాలు తీశాను. ఆ పైన దారిలో ఎదురయ్యే మనుషుల్ని కూడా తీశాను. అప్పట్నుంచి ఏడేళ్ళలో ఆవిడ నడక ఒక్కరోజు కూడా ఆగలేదు.”

“నా... నా అసలు స్థానం?”

“తొంభైరెండు వేల నాలుగొందల ఆరు.”

“ఆ కొండ?”

“ఇప్పటికి పదకొండు వేలమంది ఎక్కారు. అమృతవల్లిగారిది నిన్నమొన్నటి జెండా.”

ఒక్కసారిగా హాలు గొల్లుమంది. ఆడపడుచు కొంగు నోట్లో కుక్కుకుంది. యూనివర్సిటీ వాళ్ళు ఒకరినొకరు గిల్లుకున్నారు. గవర్రాజు కప్పుకేసి చూస్తూ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. హైమవతికి భూమి విచ్చుకుంటే బాగుండుననిపించింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఇక్కడ తోడికోడలొక్కతే నవ్వలేదు. హైమవతికి అదే మరీ మండిపోయింది.

“నీకు ముందే తెలుసు కదూ?” అంది పళ్ళ బిగువున.

“పట్టిక నాకు వినిపిస్తుంది కదక్కా. నువ్వు మొదటిదాన్నని అంటుంటే సరదాకి కోతలు కోస్తున్నావనుకున్నాను. ఇక్కడ బయటపడితే నొచ్చుకుంటావని వద్దన్నాను. ఇంత సంగతుందని నాకూ తెలీదు, ఒట్టు.”

జాలి! తిట్టినా బాగుండేది. హైమవతి లేచి నిలబడింది.

“ఈ జబ్బు నాకొక్కదానికేనా? అది చెప్పు ముందు.”

“పేర్లు చెప్పడం తప్పు” అన్నాడు మస్తాన్‌వలి.

“పేర్లొద్దు. లెక్క చెప్పమనండి.”

చేదోడు ఒక్క క్షణం కూడా తీసుకోలేదు. “ఈ భవనంలో ఉన్నవాళ్ళు నూటపన్నెండుమంది. నాలుగో ఊతం నూటపదకొండుమందికి ఉంది.”

నవ్వులు ఎక్కడివక్కడ తెగిపోయాయి. గవర్రాజు దగ్గు కూడా ఆగిపోయింది. ఆడపడుచు కొంగు నోట్లోంచి జారింది. ప్రతివాళ్ళూ పక్కవాడి మొహం చూశారు. పొద్దున లేవగానే పట్టికలో తన పేరే మొదట చూసుకుని, ఇంకెవరైనా తానే మొదటన్నప్పుడు పాపం అని నవ్వి ఊరుకునే నూటపదకొండుమంది ఒకచోట కూర్చుని ఉన్నారు.

మస్తాన్‌వలి గొంతు సవరించుకున్నాడు. “నన్ను కలపలేదు కదా?”

“కలిపే చెప్పాను డాక్టర్‌గారూ.”

ఆయన మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు. అయిదేళ్ళుగా మొదటి స్థానం తనదేననీ, తయారుచేసినవాడు చెప్పుకుంటే బాగుండదనీ పెద్దమనసుతో దాచుకున్నాడు పాపం.

హైమవతి గుండెలమీంచి బండ దిగినట్టయింది. అందరూ తనలాంటివాళ్ళే. అమ్మయ్య! ఆ హాయి నిమిషం కూడా నిలవలేదు. మూడో వరసలోంచి ఎవరో అడిగారు.

“మరి ఆ మిగిలిన ఒక్కరూ?”

చెప్పక్కర్లేదు. ఒకరి ఊతాలు మూడేనని ఇందాకే అందరూ విన్నారు. నూటపదకొండు మొహాలు వల్లివైపు తిరిగాయి. చూపులు కనబడకపోయినా, తన చుట్టూ మాటలాగిపోవడం ఆవిడకి తెలిసింది.

“నేనేం చేశానండీ?” అంది బెరుగ్గా. “పట్టిక వింటుంటే, అబ్బో, ముందు ఇంతమంది ఉన్నారా, దారిలో తోడుంటారులే అనుకునేదాన్ని. అంతే.”

అంతేనట! తను ఏడేళ్ళు జనంలేని లోకంలో ఒక్కతే తిరుగుతుంటే, ఈవిడకి దారిపొడుగునా మనుషులు. పైన పేర్లున్నా గుండె దడదడలాడదట, చేతులు చల్లబడవట. కొండ ఎక్కడం సరే, అది నేర్చుకోవచ్చు. ఇది ఎక్కడ నేర్చుకుంటారు? హైమవతి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంత ఓర్వలేనితనం ఆమెకి జీవితంలో ఎప్పుడూ కలగలేదు.

“విన్నారు కదా!” అంది సభవైపు తిరిగి. “మనందరికీ ఉన్న అడ్డు ఈవిడకి లేదు. పుట్టుకతోనే లేదు. ఆ బరువు మోస్తూ నడిచేవాళ్ళం మనం. ఏ బరువూ లేని మనిషిని మనతోపాటు ఒకే పట్టికలో పెడితే దాన్ని పోటీ అంటారా?”

“నిజమే” అన్నారెవరో.

“అన్యాయం కదూ మరి!” అంది ఆడపడుచు.

చప్పట్లు మొదలయ్యాయి. ఇందాక ఆమెని చూసి గొల్లున నవ్వినవాళ్ళే లేచి నిలబడి కొట్టారు. మస్తాన్‌వలి తన పలక తీసి గబగబా రాశాడు: ‘అసూయ లేనివారిని అడుగుల పట్టికనుంచి తొలగించి, వారికి వేరే పట్టిక ఏర్పాటు చేయాలని ఆటగాళ్ళ సభ కోరుతున్నది.’ కింద సంతకాలకి చోటు వదిలాడు.

“అక్కా, అందరూ ఏం రాస్తున్నారు?” అనడిగింది వల్లి, చెయ్యి చాచి అక్క భుజం వెతుక్కుంటూ.

“ఏం లేదులే, కూర్చో.”

హైమవతి ఆ చేతికి అందకుండా జరిగి, జనాన్ని తోసుకుంటూ వెళ్ళి, అందరికంటే ముందు పలక అందుకుంది. సంతకం చేశాక, అలవాటుకొద్దీ తన పేరుకి పైన ఎవరైనా ఉన్నారేమో చూసుకుంది. ఎవరూ లేరు. ఈసారి నిజంగానే లేరు.